పెద్దన్న పంతం

ఉదయం టీ గిన్నె పొయ్యి మీద పెట్టి, కిటికీలోంచి ఫ్యాక్టరీ పొగగొట్టం వైపు చూడటం అమ్మకి అలవాటైపోయింది. పొగ కనిపిస్తేనే టీపొడి వేస్తుంది. సమ్మె మొదలయ్యాక ఆ గాజుసీసాల ఫ్యాక్టరీలో ప్రాణంతో ఉన్నది బట్టీ ఒక్కటే. యంత్రాలన్నీ ఆగినా బట్టీని మాత్రం చల్లారనివ్వకూడదని యూనియనూ యాజమాన్యమూ మొదట్లోనే ఒప్పుకున్నాయి. వంతులవారీగా కొందరు లోపలికి వెళ్లి దాన్ని మండిస్తున్నారు. వాళ్లకి మేస్త్రీ ఆ ఇంటి అల్లుడే.

"మండుతూనే ఉంది," అంది అమ్మ తనలో తనే అనుకుంటున్నట్టు.

"మీ అల్లుడు ఉండగా ఎందుకారుతుంది?" అంటూ కూతురు పై వాటా మెట్లు దిగి వచ్చింది. కాలేజీలో సాహిత్యం చెబుతుంది కాబట్టి కాలనీలో అందరికీ ఆమె పంతులమ్మ. భర్త డ్యూటీ దిగి వచ్చే వేళయింది. ఆయన తిని పడుకుంటే గానీ ఆమెకి కాలేజీకి వెళ్లబుద్ధి కాదు. రెండుసార్లు వీధి గుమ్మం దాకా వెళ్లి వచ్చింది. కడిగిన గ్లాసులనే మళ్లీ కడిగింది.

వరండాలో నాన్న గడ్డం గీసుకుంటున్నాడు. ప్రహరీ బయట అప్పుడే పదిపదిహేనుమంది చేరి ఆయన కోసం చూస్తున్నారు. ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్లు ఊళ్లో ఎవరూ మిగల్లేదు. చిన్నా పెద్దా అందరికీ పెద్దన్నే. ఆడవాళ్ల పనిచోట పిల్లల గది పెట్టించింది ఆయన. బట్టీ దగ్గర పనిచేసేవాళ్లకి ముఖానికి తొడుగులు ఇప్పించింది ఆయన. పెద్ద యజమాని బతికున్న రోజుల్లో, పోలీసు వ్యాను ముందు రోడ్డు మీద అడ్డంగా పడుకుని ఒక్క అంగుళం జరగనన్నవాడు ఆయన. అన్న మాట వెనక్కి తీసుకోడని జనం ఆయన్ని నెత్తిన పెట్టుకున్నారు. ఆ సంగతి ఆయనకీ బాగా తెలుసు.

ఈ సమ్మె ఒక అమ్మాయి వేళ్లతో మొదలైంది. మూతలు బిగించే యంత్రానికి అడ్డుతొడుగు లేక రెండు వేళ్లు నలిగిపోయాయి. తొడుగులు పెట్టమని అడిగిన ఆడవాళ్లని పనిలోంచి తీసేశారు. పెద్దన్న పిలుపిస్తే మర్నాడు పొద్దున ఒక్క మనిషి లోపలికి వెళ్లలేదు. తర్వాత చర్చలకి పిలిచారు. పెద్దన్న గదిలో అడుగు పెట్టగానే, తండ్రి పోయాక కొత్తగా కుర్చీ ఎక్కిన చిన్న యజమాని ఫోన్లోంచి తల ఎత్తకుండానే, "కాపలా మనిషిని బయట ఉండమనండి," అన్నాడు. తెలియక అన్నాడో తెలిసే అన్నాడో గానీ, ఆ మాట పెద్దన్న గుండెల్లో ముల్లులా దిగింది. అప్పటినుంచి ఆయన సరిగ్గా తినడం లేదు.

టీ పొంగే వేళకి యూనియన్ కార్యదర్శి పరుగులాంటి నడకతో వచ్చాడు. సన్నటి మనిషి, లావుపాటి కళ్లద్దాలు. కాలనీలో అతను కళ్లజోడు. ముఖం వెలిగిపోతోంది.

"పెద్దన్నా, ఒప్పుకున్నారు. అన్ని యంత్రాలకీ తొడుగులు. తీసేసిన ఆడవాళ్లందర్నీ మళ్లీ తీసుకుంటారు. ఆ అమ్మాయి వైద్యం ఖర్చు కూడా వాళ్లదే. ఇప్పుడే ఫోనొచ్చింది."

అమ్మ గరిటె పట్టుకునే వరండాలోకి వచ్చింది. బయట నిలబడ్డవాళ్లలో ఎవరో ఈల వేశారు. పంతులమ్మకి ఒక్కసారిగా ఒళ్లు తేలికైంది. ఈ రాత్రి ఆయన ఇంట్లోనే పడుకుంటాడు అనుకుంది.

పెద్దన్న తువ్వాలుతో గడ్డం తుడుచుకున్నాడు. "క్షమాపణ సంగతేంటి?"

కళ్లజోడు తడబడ్డాడు. "ఏదో పొరపాటున వచ్చిన మాట అని చెప్పమన్నాడట."

"ఎవరితో?"

"మేనేజరుతో."

"గేటు దగ్గరికి రావాలి. అందరి ముందు నిలబడి అనాలి. అప్పుడే సమ్మె ఆగుతుంది." తువ్వాలు భుజాన వేసుకుని అద్దం వైపు తిరిగాడు. "రాడు కదూ? అయితే ఈ సాయంత్రం నుంచి బట్టీవాళ్లు కూడా బయటికి వచ్చేస్తారు. వెళ్లి చెప్పు."

కళ్లజోడు ఏదో అనబోయాడు. అద్దంలోంచి తనని చూస్తున్న కళ్లని చూసి, నోట్లోని మాట నోట్లోనే మింగేసి వెళ్లిపోయాడు.

* * *

ఆ కబురు బట్టీ మేస్త్రీకి దారిలోనే తెలిసింది. ఇంటికొచ్చినవాడు కాళ్లు కూడా కడుక్కోకుండా నేరుగా మావగారి ముందుకు వచ్చి నిలబడ్డాడు. వేడికి ముఖం కందిపోయి ఉంది. కళ్లు నిద్రలేక ఎర్రబడ్డాయి.

"మావయ్యా, బట్టీ వదిలేయమన్నారట."

"అన్నాను. కూర్చో, టీ తాగు."

"లోపల ఉన్నది ఉత్త నిప్పు కాదు కదా. బట్టీ నిండా కరిగిన గాజు. మంట ఆగితే అది గడ్డకట్టి రాయై కూర్చుంటుంది. గోడలు బీటలిస్తాయి. ఇక ఆ బట్టీ పనికిరాదు. కొత్తది కట్టాలి. చిన్న యజమాని కడతాడనుకుంటున్నారా? తాళం వేసి స్థలం అమ్ముకుంటాడు."

"ఆ భయం వాడికీ ఉంటుంది. అందుకే దిగొస్తాడు."

"రాకపోతే?"

"వస్తాడు."

"రాకపోతే మావయ్యా?"

పెద్దన్న గ్లాసు కింద పెట్టాడు. "వాళ్ల నాన్న వచ్చాడు. పోలీసులు వచ్చారు. కలెక్టరు వచ్చాడు. నా మాటకి ఎదురు నిలిచినవాడు ఇంతవరకూ లేడు. ఈ పిల్లకాకి ఎంత?"

"ఆ మాట విని నాకూ రక్తం మరిగింది. కాదనను. కానీ అడిగినవన్నీ ఇచ్చాడు కదా. ఇంతమంది పని పోయాక ఆయన తప్పయిందంటే మాత్రం ఏం లాభం?"

"ఇంతమంది నా వెనక ఉన్నారు. నా మాటే వాళ్ల మాట."

"వాళ్లని అడిగారా?"

అమ్మ పొయ్యి ఆపేసింది. పంతులమ్మ భర్త చెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది. కానీ అతను కదల్లేదు.

పెద్దన్న గొంతు పెంచలేదు. ఆయనకి నిజంగా కోపం వస్తే గొంతు తగ్గుతుంది. "నా కూతుర్ని ఇచ్చి, పని నేర్పించి, పై వాటాలో పెట్టుకున్నాను. నువ్వు నన్ను నిలదీస్తున్నావా అల్లుడూ?"

"నేర్పింది మీరే కాబట్టి అడుగుతున్నాను," అన్నాడు మేస్త్రీ. అంత మెల్లగానే అన్నాడు. "బట్టీని వదిలి రాలేను. నాతో ఉండేవాళ్లు నలుగురున్నారు. మేం లోపలే ఉంటాం."

టీ ముట్టుకోకుండానే వరండా మెట్లు దిగాడు. పంతులమ్మ వీధి మలుపు దాకా వెంట వెళ్లింది. "కాసేపు పడుకుని వెళ్లు. కళ్లు చూడు ఎలా ఉన్నాయో," అంది. "ఇప్పుడు పడుకుంటే గేటు మూసేస్తారు," అని ఆమె భుజం తట్టి వెళ్లిపోయాడు.

అన్నట్టే, కాసేపటికి గేటు దగ్గర పెద్దన్న మైకు పట్టుకున్నాడు. లోపల ఉన్నవాళ్లు ఇక మనవాళ్లు కారన్నాడు. వాళ్లతో ఎవరూ మాట్లాడకూడదు, తిండి పంపకూడదు, వాళ్ల స్థానంలోకి మనిషి వెళ్లకూడదు అన్నాడు. "నా ఇంటివాళ్లకైనా ఇదే మాట," అని ముగించాడు. చప్పట్లు మోగాయి. ఎప్పటిలా ఉరుములా మాత్రం లేవు.

* * *

ఆ మధ్యాహ్నం కాలేజీలో పంతులమ్మ చెప్పవలసిన పాఠం పాతకాలపు విషాద నాటకాల గురించి. రాజులూ సేనాపతులూ అహంకారంతో ఎలా కూలిపోతారో ఏటా చెబుతూనే ఉంది. ఈ రోజు మాత్రం సుద్దముక్క రెండుసార్లు చేతిలో విరిగింది. కిటికీ వైపు చూసి, చెబుతున్న వాక్యం మధ్యలో మర్చిపోయింది.

ముందు బెంచీలో అమ్మాయి లేచింది. "మేడమ్, ఈ నాటకంలో రాజు మంచివాడే కదా. ఊరిని కాపాడాడు. మరి ఆయనకే ఎందుకలా అయింది?"

"చెడ్డవాడు పడిపోతే మనకి ఏడుపు రాదు కాబట్టి," అంది పంతులమ్మ, ఎప్పుడూ చెప్పే జవాబే. తర్వాత ఆగింది. "ఊరిని కాపాడినప్పుడు ఆయన ఎవరి మాటా వినలేదు. అందరూ వద్దన్నా ముందుకే వెళ్లాడు, గెలిచాడు. దాంతో, వినకపోవడం వల్లే గెలిచాననుకున్నాడు. ఆ తర్వాత వినాల్సిన రోజు వచ్చింది. అప్పటికి ఆయనకి వినడం రాదు."

పిల్లలు రాసుకుంటున్నారు. ఆమె పుస్తకం మూసేసింది. "ఈ రోజుకి ఇక్కడితో ఆపుదాం. నాకు ఇంట్లో పనుంది."

ఇంటికి వెళ్లి క్యారేజీ నింపుకుంది. అమ్మ మూతలు బిగించి ఇచ్చింది. గేటు దగ్గర టెంటు కింద కుర్చీలో నాన్న కూర్చుని ఉన్నాడు. చుట్టూ జనం. కూతురు చేతిలో క్యారేజీ చూసి అందరూ పక్కకి జరిగారు. ఎవరూ ఆపలేదు. ఆయనే లేచి వచ్చాడు.

"ఎక్కడికి?"

"మొగుడికి అన్నం పెట్టడానికి."

"బయటికి రమ్మను. ఇంట్లో పెట్టు."

"బట్టీ ఆరిపోతుందని రాడు నాన్నా. నీకు తెలుసు. తెలిసే అంటున్నావు."

"నలుగురిలో నా పరువు తీయకు."

"నాన్నా, పోయినేడు మా కాలేజీలో పిల్లలు నాటకం వేస్తే నువ్వు వచ్చావు. ఆ రాజు చివర్లో కొడుకు శవం పక్కన కూలబడితే ఏడ్చావు. గుర్తుందా? దారి పొడుగునా నన్ను అడిగావు, అంత పెద్ద కోటలో ఆ రాజుకి నిజం చెప్పేవాడు ఒక్కడూ లేడా అని."

ఆయన ముఖంలో ఏదో కదిలింది.

"ఉన్నారు నాన్నా. కొడుకు చెప్పాడు. ముసలివాళ్లు చెప్పారు. ఊరంతా చెప్పింది. అప్పుడు నీకు ఈ జవాబు చెప్పాను కూడా. నువ్వే మర్చిపోయావు."

పెద్దన్న చుట్టూ చూశాడు. అందరి కళ్లూ తన మీదే ఉన్నాయి. కూతురు ఒక్కతే అక్కడ ఉండి ఉంటే ఏమనేవాడో. "నాటకాలు నీ పిల్లలకి చెప్పుకో," అన్నాడు. "ఆ క్యారేజీ తీసుకుని ఇంటికి నడు."

ఆమె నడిచింది. ఫ్యాక్టరీ ప్రహరీ వెంబడి ఎక్కడైనా సందు దొరుకుతుందేమోనని చుట్టూ తిరిగింది. దొరకలేదు. క్యారేజీ చల్లారిపోయింది. ఇంటికొచ్చాక కూర్చోలేక, పడుకోలేక, కాలుగాలిన పిల్లిలా గదులన్నీ తిరిగింది.

* * *

మర్నాడు ఎండ ముదిరే వేళకి కాలనీలోకి కబురొచ్చింది. మార్చే మనిషి లేక, మేస్త్రీ నిన్నటినుంచి బట్టీ ముందే ఉన్నాడు. నిలబడే తూలిపోయాడు. బర్నరులోంచి మంట ఎగదన్ని రెండు చేతులూ కాలాయి. తోటివాడు చేతుల మీద నీళ్లు పోస్తున్నాడు గానీ, అతను బయటికి రానంటున్నాడు. తను వస్తే మిగిలినవాళ్లతో బట్టీ నిలవదట.

పంతులమ్మ చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తింది. ఆమె వెళ్లేసరికి గేటు దగ్గర గొడవ గొడవగా ఉంది. పెద్దన్న ముఖం పాలిపోయి ఉంది.

"అంబులెన్సుకి చెప్పాను," అన్నాడు కూతురితో. "వాణ్ని బయటికి తీసుకురండి. నేనే ఆసుపత్రికి తీసుకెళ్తాను. నా అల్లుడు వాడు. కానీ వాడి స్థానంలోకి మాత్రం ఎవరూ వెళ్లరు."

"మనిషిని పంపితేనే వస్తాడు నాన్నా."

"అదొక్కటీ అడక్కు."

అప్పుడు జనం వెనకనుంచి ఎవరో తోవ చేసుకుంటూ వచ్చారు. అమ్మ. చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని ఉంది. పెళ్లికి ముందు ఆవిడ కూడా ఆ ఫ్యాక్టరీలోనే సీసాలు ఏరే పనిచేసింది. ఆ తర్వాత ఆ గేటు వైపు వచ్చింది లేదు. నేరుగా వచ్చి భర్త ముందు నిలబడింది.

"ఆ మాట ఏంటండీ? కాపలా మనిషి అన్నాడనే కదా ఇదంతా?"

"ఇంటికి వెళ్లు."

"వెళ్తాను. ఒకటి చెప్పండి. కాపలా మనిషి అనడం అంత తక్కువ మాటా?" ఆవిడ గేటు పక్కన నిలబడ్డ ముసలి కాపలాదారు వైపు చెయ్యి చూపించింది. "ఆయనా మీ యూనియన్ మనిషే. మీ సభలన్నిటికీ వచ్చి ముందు వరసలో కూర్చుంటాడు. ఇన్నాళ్లుగా మీరు మైకులో ఆ మాట అవమానం, అవమానం అంటుంటే ఆయన వింటూనే ఉన్నాడు."

కాపలాదారు తల దించుకున్నాడు. పెద్దన్న అతని వైపు చూశాడు. చూపు తిప్పుకోవడానికి ఎటూ దారి దొరకలేదు.

"మిమ్మల్నెవరూ ఏమీ అనకూడదు. అది మీ కోరిక," అంది అమ్మ. "నేనూ అనలేదు. మీరేమన్నా ఊ కొట్టాను. పెద్దమనిషి మొగుడని మురిసిపోయాను. ఇప్పుడు లోపల పిల్లాడు కాలిపోతున్నాడు. తప్పుకోండి."

ఆయన తప్పుకోలేదు. ఆవిడే ఆయన పక్కనుంచి వెళ్లి గేటు తోసింది. కాపలాదారు గడియ తీసి పట్టుకున్నాడు. పంతులమ్మ తల్లి వెనకే వెళ్లింది. ఆ వెనక బట్టీ పని తెలిసినవాళ్లు, మొదట ఇద్దరు, తర్వాత ఓ పాతికమంది, పెద్దన్న ముఖం చూడకుండా తలలు వంచుకుని లోపలికి నడిచారు.

బయట మిగిలినవాళ్లని కళ్లజోడు అడిగాడు. "సమ్మె ఆపేద్దామనేవాళ్లు చేతులెత్తండి." అందరూ ఎత్తారు. ఇంకో ప్రశ్న అతను అడగలేకపోయాడు. జనంలోంచి ఒక ముసలావిడ అడిగింది, ఇకమీదట మనకి పెద్ద ఎవరని. ఆ చేతులు మళ్లీ లేచినప్పుడు అవి పెద్దన్న కోసం కావు. ఆయన వాటిని లెక్కపెట్టలేదు. టెంటు కింద కుర్చీ పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

* * *

ఆసుపత్రిలో మేస్త్రీ రెండు చేతులకీ మోచేతుల దాకా కట్లు కట్టారు. వేళ్లు నిలుస్తాయి, సమయం పడుతుంది అన్నాడు డాక్టరు. మందు మత్తులో అతను ఆ రోజంతా నిద్రపోయాడు. పంతులమ్మ మంచం పక్కన స్టూలు మీద కూర్చుంటుంది, లేస్తుంది, వరండా చివరిదాకా వెళ్లి వస్తుంది. మెట్ల మీద ఎవరి అడుగులు వినిపించినా తల తిప్పి చూస్తోంది. ఎవరి కోసమో తనకే తెలుసు. ఒప్పుకోవడం ఇష్టం లేదు.

సాయంత్రం అమ్మ వచ్చింది. "నాన్న ఇంటికి రాలేదు," అంది. "ఎక్కడున్నారో తెలియదు. ఫోను ఇంట్లోనే ఉంది."

పంతులమ్మ తల్లికి స్టూలు జరిపింది. ఆ రాత్రి కళ్లు మూస్తే కుర్చీ పట్టుకుని నిలబడ్డ మనిషే కనిపించాడు. అంత పెద్ద మనిషి అంత చిన్నగా ఎలా కనిపించాడా అనుకుంది. కోపం వచ్చింది. ఆ వెంటనే భయం వేసింది.

మర్నాడు పొద్దున ఆయన వచ్చాడు. వార్డు గుమ్మం బయటే ఆగిపోయాడు. చొక్కా నిండా బూడిద. కనుబొమలు కొసల్లో కమిలి ఉన్నాయి. రెండు రోజుల గడ్డం తెల్లగా పెరిగింది. దారిన పోయే నర్సు ఆయన్ని పక్కకి జరగమంది. జరిగాడు.

"ఎలా ఉన్నాడు?" అన్నాడు కూతురితో.

"లేచాడు. నొప్పి ఉంది."

"నేనొచ్చానని చెప్పు. నేను..." గుమ్మం పట్టుకున్నాడు. "తప్పు నాదని చెప్పు."

పంతులమ్మ ఆయన్ని చూసింది. చిన్నప్పుడు తన తరఫున బడిలో మాట్లాడిన గొంతు, ఊరంతా మైకులో విన్న గొంతు, ఇప్పుడు ఒక్క గుమ్మం దాటలేకపోతోంది. ఆమెకి జాలి వేసింది. అయినా తల అడ్డంగా ఊపింది.

"ఆ మాట నేను మోసుకెళ్లను నాన్నా. నువ్వే వెళ్లు."

ఆయన చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్లాడు. మంచం దగ్గర నిలబడ్డాడు. కట్ల వైపు చూసి, చూడలేక కిటికీ వైపు చూసి, మళ్లీ కట్ల వైపే చూశాడు. మేస్త్రీ కళ్లు తెరిచి మావగారిని గుర్తుపట్టాడు. పెదవులు తడుపుకున్నాడు.

"బట్టీ?"

"మండుతోంది," అన్నాడు పెద్దన్న. "రాత్రంతా అక్కడే ఉన్నాను. గాజు పల్చగానే ఉంది. గోడలకి ఏం కాలేదు."

"మీరు అక్కడ ఏం చేశారు?"

"గాజు పెంకులు ఎత్తాను. బట్టీలో పోయడానికి మనుషులు చాలడం లేదంటే వెళ్లి కళ్లజోడుని అడిగాను. ఇప్పుడు వాడే కదా పెద్ద. నన్ను పెంకుల గుట్ట దగ్గర వేశాడు."

"మీరేమన్నారు?"

"ఏమంటాను? సరే అన్నాను."

మేస్త్రీ ముఖంలో నవ్వులాంటిది వచ్చి నొప్పికి ఆగిపోయింది. పెద్దన్న స్టూలు మీద కూర్చున్నాడు. చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని వాటినే చూస్తూ మాట్లాడాడు.

"తప్పయింది అల్లుడూ. నువ్వు చెప్పింది నాకు తెలియక కాదు. తెలుసు. నువ్వు చెప్పావు కాబట్టే వినకూడదనుకున్నాను. నిన్న జనం నన్ను దాటి వెళ్తుంటే వాళ్ల మీద కూడా కోపమే వచ్చింది. మీ అత్తయ్య మీద కూడా. సాయంత్రం దాకా ఆ కోపంతోనే రోడ్ల మీద తిరిగాను. తర్వాత ఆ గేటు ముసలాయన ఎదురయ్యాడు. ఇన్నేళ్లూ ఆయన్ని పేరు పెట్టి పిలవలేదని అప్పుడు తెలిసింది. అడిగి తెలుసుకున్నాను."

"చిన్న యజమాని అన్న మాట తప్పే మావయ్యా," అన్నాడు మేస్త్రీ. "ఆయన వచ్చి చెప్పాల్సిందే."

"రాలేదు. రాడు కూడా." పెద్దన్న తల ఊపాడు. "పోనీ."

గుమ్మం దగ్గర పంతులమ్మ గోడకి ఆనుకుని నిలబడి ఉంది. అమ్మ ఎప్పుడొచ్చిందో, ఫ్లాస్కు పట్టుకుని ఆమె పక్కనే నిలబడింది. ఇద్దరూ లోపలికి రాలేదు.

పెద్దన్న లేచాడు. వెళ్లబోతూ మంచం కొస దగ్గర ఆగాడు.

"నువ్వు లేచేదాకా బట్టీ దగ్గర నీ చోటు ఖాళీ. మిగతావాళ్లు నన్ను ఉండమంటున్నారు. నిన్ను ఒక మాట అడిగాక చెబుతానన్నాను." గొంతు సవరించుకున్నాడు. "ఉండనా?"

పెద్దన్న కదలకుండా ఎదురుచూశాడు.

"ఉండండి," అన్నాడు మేస్త్రీ. "బర్నరు దగ్గరికి మాత్రం వెళ్లకండి. మీ కళ్లు ఇదివరకట్లా లేవు. ఆ పని కుర్రాళ్లకి వదిలేయండి."

"వెళ్లను."

"మధ్యలో కాసేపు కూర్చోండి. వేడికి తల తిరుగుతుంది."

"కూర్చుంటాను," అన్నాడు పెద్దన్న. బుద్ధిగా అన్నాడు, పని చెప్పించుకుంటున్న కొత్తవాడిలా.

అంతసేపూ బిగపట్టుకున్న పంతులమ్మకి ఆ ఒక్క మాటకి ఏడుపు ఆగలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పెద్దన్న బయటికి వచ్చి చెప్పులు వేసుకుంటుంటే అమ్మ ఫ్లాస్కు మూత తీసి, టీ పోసి, చేతికి అందించింది. ఆయన నిలబడే తాగాడు. తాగుతున్నంతసేపూ అమ్మ ఆయన చొక్కా మీది బూడిద దులుపుతూనే ఉంది.